మా అమ్మాయి రెండేళ్లు వెళ్లిన జీవన నైపుణ్యాల క్లాసు: ఒక డ్రైవింగ్ మాస్టారి రివ్యూ

32 ఏళ్లు డ్రైవింగ్ నేర్పాను. అందుకని ఎవరైనా ఎవరికైనా ఏదైనా నేర్పుతుంటే నా చూపు నేర్చుకునే మనిషి మీద నిలవదు, నేర్పే మనిషి మీదికి పోతుంది. మా కార్లలో పక్క సీటు వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. కొత్తగా చేరిన మాస్టర్లు దాని మీద కాలు పెట్టుకునే కూర్చుంటారు. ఎల్ బోర్డు కుర్రాడికి రెండో రోజుకే ఆ సంగతి అర్థమైపోతుంది. ఇంక బ్రేకు పని మాస్టారికి వదిలేసి వాడు స్టీరింగు తిప్పుకుంటూ కూర్చుంటాడు. నెల రోజులు తిప్పినా వాడికి బండి రాదు. "వీడికి బుర్ర లేదు" అంటాడు మాస్టారు. ఈ క్లాసు గురించి నేను రాసేదంతా ఆ పక్క సీట్లోంచి చూసిందే.

మా అమ్మాయికి 27. మేధోవైకల్యం ఉంది. స్పెషల్ స్కూలు అయిపోయాక ఐదేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. టీవీ రిమోటే తన రాజ్యం. పిల్లలుగా ఉన్నప్పుడు థెరపీలనీ స్కూళ్లనీ ఏదో ఒకటి ఉంటుంది, పెద్దయ్యాక ఏమీ ఉండదు. మాలాంటి తల్లిదండ్రులు ఇద్దరు ఎదురుపడితే ముందు మాట్లాడుకునేది ఇదే. రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఈ సెంటర్ 18 దాటినవాళ్లకి మాత్రమే. వారానికి నాలుగు రోజులు, రోజుకి మూడు గంటలు. బ్యాచ్‌కి ఎనిమిది మంది, ఇద్దరు టీచర్లు, ఒక హెల్పర్. ఆటిజం ఉన్నవాళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు, సెరిబ్రల్ పాల్సీతో చక్రాల కుర్చీలో వచ్చే ఒకాయన, అందరూ కలిసే కూర్చుంటారు. సెంటర్ పేరు రాయడం లేదు. మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి. పేరు పెడితే నా మొహమాటం నన్ను రెండోది రాయనివ్వదు.

చేర్చుకునే ముందు పరీక్ష ఉంటుందన్నారు. అమ్మాయికేమో అనుకుని మంచి బట్టలు వేసి, తల దువ్వి తీసుకెళ్లాం. తీరా చూస్తే పరీక్ష మాకు. గంటన్నర సేపు ప్రశ్నలు. తన బట్టలు తనే ఎంచుకుంటుందా? గది తలుపు గడియ వేసుకుంటుందా? ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడ నొప్పో చెబుతుందా? ఫోన్ మోగితే తీస్తుందా? ప్రతిదానికీ నేను "చేయగలదండీ, కాకపోతే..." అని మొదలుపెట్టేవాణ్ని. టీచరు పెన్ను ఆపి, "చేయగలదా అని కాదు సార్, చేస్తుందా?" అనేది. నాలుగోసారికి నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆవిడే చెప్పింది, ఇలాంటి ప్రశ్నావళికి ఆద్యుడు ఎడ్గార్ డాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అని. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్ ట్రైనింగ్ స్కూల్లో పనిచేస్తూ 1935లో మొదటి స్కేలు తయారుచేశాడు. తెలివితేటల పరీక్షలో వచ్చే అంకె ఒక్కటీ పట్టుకుని మనిషిని తూచకూడదు, రోజువారీ బతుకులో ఏం చేసుకుంటున్నాడో చూడాలన్నది ఆయన పట్టు. అదే మారుతూ మారుతూ వచ్చి ఇప్పటికీ వాడుకలో ఉంది, వైన్‌లాండ్ స్కేలు మూడో కూర్పు 2016లో వచ్చింది.

ఆ రోజు కాగితం నిండా "చేయదు"లే. ఇంటికొచ్చి మా ఆవిడా నేనూ ఒక్కోటీ తిరగేస్తే, అందులో సగం తనకి రానివి కావు, మేం చేయనివ్వనివి. గడియ సంగతే తీసుకోండి. తన గది తలుపుకి గడియే లేదు. చిన్నప్పుడు లోపల ఇరుక్కుపోతుందేమోనని నేనే పీకించేశాను. మళ్లీ పెట్టించాలన్న ఆలోచన ఇన్నేళ్లలో రాలేదు.

రెండోది, మాట తీరు. మొదటి రోజు క్లాసులో టీచరు మా అమ్మాయితో "మీరు ఎక్కడ కూర్చుంటారు?" అంది. మా అమ్మాయి వెనక్కి తిరిగి నా వంక చూసింది, నన్ను అడుగుతోందనుకుని. పుట్టి బుద్ధెరిగాక తనని "మీరు" అన్న మనిషి లేడు. ఇంట్లో పాప, వీధిలో పాప, ఆస్పత్రిలో పాప. తను ఎదురుగా కూర్చుని ఉన్నా "పాప మందు వేసుకుంటోందా?" అని నన్నే అడుగుతారు. ఎప్పుడో ఒక డాక్టరు "ఐదేళ్ల పిల్ల బుద్ధి" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఏటా పుట్టినరోజుకి ఐదేళ్ల పిల్ల బొమ్మలే కొంటూ వచ్చాం. టీచరుతో ఈ మాటే అంటే, "ఐదేళ్ల పిల్లకి నెలసరి వస్తుందా సార్? పోయిన నానమ్మని తలుచుకుని ఏడుస్తుందా?" అంది. జవాబు లేదు నా దగ్గర. ఆ క్లాసులో పూసలు గుచ్చించడాలు, కుందేలు బొమ్మకి రంగులు వేయించడాలు లేవు. అక్కడున్న ఎనిమిది మందీ పెద్దవాళ్లన్నట్టే ప్రతి పనీ ఉంటుంది. రెండు నెలలకి పక్కింటి కుర్రాడితో మా అమ్మాయి "పాప అనకు" అంది. ఆ తర్వాత నాతోనూ అంది. నేను ఇప్పటికీ రోజుకి రెండుసార్లు మరిచిపోతుంటాను, తను రెండుసార్లూ దిద్దుతుంది.

ఇక అసలు నేర్పడం. బట్టలు ఉతకడం ఒక్కటి చెబుతాను, మిగతావీ ఆ దారినే. వాషింగ్ మెషిన్‌లో బట్టలు వేయడం మనకి ఒక పని. వాళ్ల కాగితం మీద 17 పనులు. బుట్ట తేవడం ఒకటి, జేబులు తడిమి చూడటం ఒకటి, రంగు దిగేవి పక్కన పెట్టడం ఒకటి, పౌడర్ కప్పులో గీత దాకా పోయడం ఒకటి. దీన్ని టాస్క్ అనాలిసిస్ అంటారు. ఆ జాబితా ఊహించి రాయరు. టీచరు ముందు తనే నిలబడి ఉతుకుతూ రాసుకుంటుంది. ఎందుకంటే అలవాటైన పనిలో మన చేతులకి తెలిసిన మెట్లు మన నోటికి తెలియవు. నేను "క్లచ్ మెల్లగా వదలవోయ్" అని ఒక్క మాటలో చెప్పేసి, బండి ఆగిపోతే విసుక్కునేవాణ్ని. క్లచ్ వదలడంలో ఎన్ని పనులున్నాయో ఆ క్లాసు వెనక బెంచీ మీద కూర్చుని మొదటిసారి లెక్కపెట్టాను. ఆరు తేలాయి. ఎంతమంది కుర్రాళ్లని తిట్టానో ఆ లెక్క తీయలేదు.

ఆ 17 మెట్లనీ చివర్నించి నేర్పారు. మొదటి 16 టీచరే చేస్తుంది. మెషిన్ ఆగాక మూత తీసి బట్టలు బుట్టలో వేసుకునే ఆఖరి మెట్టు మా అమ్మాయిది. అది పట్టుబడ్డాక ఆఖరి రెండూ తనవి, తర్వాత మూడు. బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అంటారట. ఇందులో తెలివి నాకు వారం రోజులకి గానీ ఎక్కలేదు. మొదటి నుంచి నేర్పితే మూడు మెట్లు చేశాక "సరే, మిగతాది నేను చూస్తాలే" అన్న మాట విని లేచిపోవాలి. చివర్నించి నేర్పితే ఏ రోజైనా పని తన చేతుల్లోనే పూర్తవుతుంది. "నేను చూస్తాలే" అన్నది మా ఇంట్లో తను రోజూ విన్న మాట.

సాయం ఎలా తగ్గిస్తారన్నది ఇంకా బాగుంటుంది. మొదట చెయ్యి మీద చెయ్యి వేసి చేయిస్తారు. కొన్నాళ్లకి మోచేతిని తాకుతారంతే. తర్వాత వేలితో చూపిస్తారు. ఆ తర్వాత ఏమీ చేయరు, ఐదు సెకన్లు ఆగుతారు. ఇలాంటి సాయాన్ని ప్రాంప్ట్ అంటారు. ఏ మెట్టుకి ఎంత సాయం పట్టిందో ప్రతిరోజూ రాస్తారు, అందుకని ఎక్కడ చెయ్యి తీసేయొచ్చో కాగితమే చెబుతుంది. ఆ ఐదు సెకన్లు మాత్రం చూసేవాళ్లకి నరకం. ఒకరోజు మా అమ్మాయి వేలు బటన్ల మీద గాల్లో ఆగింది. మెల్లగా తప్పు బటన్ వైపు వంగింది. బెంచీ కింద నా కుడికాలు దానంతట అదే నేలని తొక్కింది. టీచరు కదల్లేదు. వేలు వెనక్కొచ్చింది, పక్కకి జరిగింది, నొక్కాల్సింది నొక్కింది.

అక్కడ "తప్పు" అన్న మాట వినబడదు. "ఇంకోలా చూడండి" అంటారు. ఇది మార్క్ గోల్డ్ అనే ఆయన పెట్టిన ఒరవడి. 1970ల్లో అమెరికాలో మేధోవైకల్యం ఉన్న కుర్రాళ్లకి సైకిల్ బ్రేకు ముక్కలు బిగించడం నేర్పాడు. మొదట 15 ముక్కల బ్రేకు, దాని తర్వాత 24 ముక్కలది. మాటలు బాగా తక్కువ, చేత్తో చూపించడం ఎక్కువ. నేర్చుకునేవాడికి రావడం లేదంటే నేర్పేవాడు ఇంకో దారి వెతకాలి గానీ వాడికి రాదని రాసేయకూడదన్నది ఆయన వాదన. నేను షెడ్డులో చేతులు నల్లగా చేసుకున్న మనిషిని. 24 ముక్కల బ్రేకు విప్పి మళ్లీ బిగించమంటే నాకు చివర్లో ఒక స్ప్రింగు మిగులుతుంది.

ఇక్కడి దాకా అయిదు నక్షత్రాలు. ఇప్పుడు తగ్గించేవి.

ఆరు నెలలకి సెంటర్‌లో 17 మెట్లూ తనే చేస్తోంది. సంబరంగా ఇంట్లో మా మెషిన్ ముందు నిలబెట్టాం. రాయిలా నిలబడిపోయింది. అక్కడి మెషిన్‌కి మూత పైన, మాదానికి తలుపు ముందు. అక్కడ తిప్పే నాబ్, ఇక్కడ తాకితే వెలిగే బటన్లు. తన దృష్టిలో అది వేరే వస్తువు. ఇదేమీ కొత్తగా బయటపడ్డ రహస్యం కాదు. 1977లోనే స్టోక్స్, బేర్ అనే ఇద్దరు పరిశోధకులు, ఒకచోట నేర్పేసి మిగతా చోట్ల అదే వచ్చేస్తుందిలే అనుకునే అలవాటుకి "ట్రైన్ అండ్ హోప్" అని పేరు పెట్టారు. నేర్పు, దేవుడి మీద భారం వెయ్యి అన్నమాట. మొదట్నించీ రెండు మూడు రకాల వస్తువుల మీద, వేర్వేరు మనుషులతో, వేర్వేరు చోట్ల నేర్పాలి. మా దగ్గర కుర్రాళ్లని ఒకే ఖాళీ రోడ్డు మీద తిప్పి పంపిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. సెంటర్ హెడ్‌తో ఇదే అంటే, "ఇళ్లకి పంపడానికి మనుషులు లేరు సార్" అన్నారు. నిజమే కావచ్చు. కానీ చేర్చుకునేటప్పుడు మీ ఇంట్లో ఏ మెషిన్ ఉందని ఒక్క ప్రశ్న అడగడానికి మనుషులు అక్కర్లేదు. గంటన్నర ప్రశ్నల్లో అదొక్కటి లేదు.

చివరికి మా ఆవిడ దారి కనిపెట్టింది. బటన్ల మీద మూడు రంగుల స్టిక్కర్లు అంటించింది. అమ్మాయి చేత చేయిస్తూ ఫోన్‌లో వీడియో తీసి, మధ్యలో తను సాయం చేసిన ముక్కలన్నీ కత్తిరించేసింది. మిగిలిన వీడియోలో ఉన్నవి అమ్మాయి చేతులే, ఎక్కడా ఆగకుండా పని చేసుకుపోయే చేతులు. రోజూ అది చూసుకుని మెషిన్ దగ్గరికి వెళ్లేది. పదకొండో రోజున మమ్మల్ని పిలవలేదు. వీడియో మోడలింగ్ అని దీనికీ ఒక పేరుందని తర్వాత తెలిసింది.

డబ్బు పాఠం సగం బాగుంది. కూడికలు రానివాళ్లకి ఒక ఉపాయం నేర్పుతారు: పర్సులో పది రూపాయల నోట్లే పెట్టుకుని, వంద లోపు బిల్లులో పదుల స్థానంలో ఉన్న అంకె చూసి, దానికన్నా ఒక నోటు ఎక్కువ ఇచ్చి చిల్లర తీసుకోవడం. పాత పద్ధతే, పనిచేస్తుంది. కానీ జనం ఇప్పుడు ఫోన్‌తో డబ్బు కడుతున్నారు, సెంటర్ ఇంకా నోట్ల దగ్గరే ఉంది. ఎవరైనా నవ్వుతూ పిన్ అడిగితే మా అమ్మాయి అంతకన్నా బాగా నవ్వి చెప్పేస్తుంది. దీనికి పాఠం కావాలి, అర్జెంటుగా.

ఒంటి గురించిన పాఠాలు టీచరు ఆడవాళ్లకి విడిగా, మగవాళ్లకి మగ టీచరు విడిగా చెప్పారు. నేల మీద ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రాలు గీసి, నడిమధ్య మనిషిని నిలబెడతారు. ఏ గుండ్రంలో ఎవరు, ఎవరిని కౌగలించుకోవచ్చు, ఎవరికి నమస్కారం చాలు, ఎవరికి "వద్దు" అని గట్టిగా చెప్పాలి. మొదట విన్నప్పుడు నేను ఇబ్బందిపడ్డాను, ఒప్పుకుంటున్నాను. ఇవన్నీ ఇప్పుడు ఎందుకు అన్నాను కూడా. ఒక సాయంత్రం ఎప్పటిలాగే తన గదిలోకి వెళ్లిపోయాను. "తలుపు కొట్టు నాన్నా" అంది. బయటికొచ్చి కొట్టాను. ఐదు సెకన్ల కన్నా ఎక్కువే నిలబెట్టింది. మర్నాడు గడియ పెట్టించాను.

బస్సు ప్రయాణం దగ్గర నక్షత్రం పోయింది. పద్ధతి మంచిదే. మొదట టీచరు పక్కన కూర్చుంటుంది, తర్వాత రెండు వరసలు వెనక, తర్వాత ముక్కూమొహం తెలియని మనిషిలా దూరంగా. మనిషి పడబోయే ప్రతిచోటా పరుపు వేసి పెట్టడం కూడా అవమానమేనని 1972లో రాబర్ట్ పెర్‌స్కీ అనే అమెరికన్ రచయిత రాశాడు. కాస్త రిస్కు తీసుకోనివ్వడం కూడా మనిషికి ఇచ్చే గౌరవమేనని ఆయన ఉద్దేశం. కాగితం మీద చదివి తలూపాను. తీరా ఒకరోజు వెనకాల వెళ్లాల్సిన మనిషి మారాడు. కొత్తవాడు గుంపులో మా అమ్మాయిని కనిపెట్టలేకపోయాడు. అమ్మాయి దిగాల్సిన చోటు దాటిపోయింది. క్లాసులో చెప్పినట్టే తర్వాతి స్టాపులో దిగి, బెంచీ మీద కూర్చుని, మెడలో కార్డు తీసి పక్కనున్న ఆవిడకి చూపించింది. మాకు ఫోన్ చేసింది ఆ పరాయి ఆవిడ. సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది 40 నిమిషాల తర్వాత, అప్పటికి మేం అమ్మాయిని ఇంటికి తెచ్చేసుకున్నాం. మనిషి కనబడకపోతే మొదటి నిమిషంలో ఇంటికి చెప్పాలన్న నియమం వాళ్లకి లేదు. పోట్లాడాక రాసుకున్నారు. ఆ వారమంతా క్లాసు మాన్పించేద్దామని నేను పట్టుబట్టాను. "తప్పిపోయింది వాళ్ల మనిషి, మన అమ్మాయి కాదు" అంది మా ఆవిడ. నేను ఆరునూరైనా ఒప్పుకోననుకున్నాను గానీ, సోమవారం పొద్దున్నే అమ్మాయి కార్డు మెడలో వేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది.

చిన్నవి ఇంకొన్ని. రెండేళ్లలో నలుగురు టీచర్లు మారారు. ఫైలు ఒకరి నుంచి ఒకరికి అందుతుంది గానీ, ఎక్కడ ఐదు సెకన్లు ఆగాలో ఎక్కడ ఎనిమిది ఆగాలో ఫైల్లో ఉండదు. కొత్త టీచరు వచ్చిన ప్రతిసారీ మా అమ్మాయి నెల వెనక్కి పోతుంది. బొమ్మల కార్డులు తడిస్తే రంగు వదులుతున్నాయి, ఉతికే పాఠానికి అలాంటి కార్డులేమిటో. మాటలు రాని ఒకబ్బాయికి ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడే ఏర్పాటు చేశారు, అది మాత్రం చాలా ఓపికగా చేశారు.

చేర్చాలనుకునేవాళ్లు వెళ్లి ఒక పూట కూర్చోండి. మీ అబ్బాయి ఎలా చేస్తున్నాడో తర్వాత చూడొచ్చు, ముందు టీచరు చేతులు చూడండి. ఎంత త్వరగా ముందుకొస్తున్నాయి, వచ్చాక ఎంతసేపు ఉంటున్నాయి. ఇంట్లో ఉన్న వస్తువుల ఫోటోలు మీరే పట్టుకెళ్లండి. వాళ్లు అడగరు. అయిదుకి నాలుగు ఇస్తున్నాను.

మూడో ఏడాది ఫారం వచ్చింది. సెంటర్ గోడ మీద ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం బొమ్మల్లో అంటించి ఉంటుంది. అందులో 19వ అధికరణం, ఎక్కడ ఎవరితో బతకాలో ఎంచుకునే హక్కు గురించినది. దానికి తగ్గట్టే కాబోలు, ఈసారి "ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు?" అన్న పేజీ కూడా బొమ్మలతో ఇచ్చారు, మేం కాదు, తనే నింపాలట. నేను స్టవ్ అనుకున్నాను. మా ఆవిడ ఫోన్ పిన్ అంది. అమ్మాయి తాళంచెవి బొమ్మ మీద వేలు పెట్టింది. అంటే మేమిద్దరం లేనప్పుడు ఇంట్లో ఒక్కతే ఉండటం. పక్కన ఇంకో గడి ఉంది, మొదట ఎంతసేపు అని. నేను పావుగంట అన్నాను. తను రెండు చేతుల వేళ్లూ చాపి చూపించింది, పది గంటలో పది నిమిషాలో అడిగినా చెప్పలేదు, నవ్వింది. ఫారం సోమవారంలోగా ఇవ్వాలి. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.